పరదా వెనక మంచూరియా

మా ఊరి బస్టాండు ఎదురుగా ఓ బార్ అండ్ రెస్టారెంట్ ఉంది. అక్కడి చైనీస్ వంటకాలంటే మాకు ప్రాణం. జీతాలొచ్చిన రోజు మా ఆఫీసు ఆడవాళ్లం నలుగురం వెళ్తుంటాం. హాల్లో బల్లలు ఖాళీగా ఉన్నా సరే, సర్వర్ మమ్మల్ని చూడగానే "ఫ్యామిలీ సెక్షన్ లోపలమ్మా" అంటూ పరదాలు కట్టిన గదిలోకి పంపేస్తాడు. అక్కడ గాలాడదు. పిలిస్తే పలికేవాళ్లుండరు. బిల్లులో మాత్రం పైసా తగ్గదు!

చైనీస్ అంటాం గానీ మంచూరియా మన దేశంలో పుట్టిందే. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటగాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలో దీన్ని తయారుచేశారట. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవే. గరం మసాలాకి బదులు సోయా సాస్ పోశారంతే. ఆ వంటకాన్ని సొంతం చేసుకున్న మనం, డబ్బిచ్చి తినే ఆడవాళ్లకి హాల్లో కుర్చీ ఇవ్వలేమా?

మొన్న "కిటికీ పక్క బల్లే కావాలి" అని గట్టిగా అడిగాం. మేనేజరు నసిగాడు. చివరికి ఒప్పుకున్నాడు. గ్లాసులు పట్టుకున్నవాళ్లు ఓ నిమిషం తేరిపార చూశారు. ఆ తర్వాత ఎవరి కబుర్లు వాళ్లవి. నూడుల్స్ మాత్రం వేడివేడిగా వచ్చాయి!

ఢిల్లీలో మద్యం అందించే చోట ఆడవాళ్లు పనిచేయకూడదన్న పాత నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 2007లోనే తేల్చేసింది. రక్షణ పేరుతో కట్టడి వద్దంది. పనిచేసేవాళ్లకి వర్తించిన న్యాయం తినడానికి వెళ్లేవాళ్లకి వద్దా?

పసిపిల్లల తల్లులకి పరదా సౌకర్యమే కావచ్చు. కావాలని కూర్చోవడం వేరు, కూర్చోబెట్టడం వేరు. ఈసారి వెళ్లినప్పుడు మీరూ నచ్చిన బల్ల అడిగి చూడండి.