నకలు కారుబొమ్మలు

అరువది యేండ్లు దాటిన బడిపంతు లొకడు పిల్లలాడుకొను కారుబొమ్మలను గూర్చి ప్రసంగింప బూనుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. మా యింటివారికిని బుట్టించినది. ఇంద్రేశములోని మా యింట గాజుతలుపుల బీరువాలో, ఒకప్పుడు వ్యాకరణ గ్రంథములున్న యరయందు, నేడు 114 లోహపు కారుబొమ్మలున్నవి. వానిలో అసలువి 9 మాత్రమే. తక్కినవన్నియు నకళ్లు, పేరుమోసిన కంపెనీల బొమ్మలను జూచి మఱియొకరు పోతపోసి సంతలలోను జాతరలలోను అమ్మినవి. నేను కోరి కూర్చినవి ఈ నకళ్లనే.

నా చిన్నతనమున, రామచంద్రాపురము కర్మాగారమున బనిచేయు నొకరి కుమారుడు మా బడికి అగ్గిపెట్టెలో బట్టునంత ఎఱ్ఱని కారుబొమ్మను దెచ్చెడివాడు. దానిని ముట్టుకొనుటకు మేము వంతులు వేసికొనెడివారము. నావంతు రాకముందే గంట కొట్టిరి. ఆ కోరిక చాలకాలము నిద్రించి, మనుమడు పుట్టిన పిమ్మట మేల్కొన్నది. ఝరాసంగము కేతకీ సంగమేశ్వరుని శివరాత్రి జాతరలో వానికొక బొమ్మ కొంటిని. ఇంటికి వచ్చి అడుగు త్రిప్పి చూడగా, ‘హాట్ వీల్స్’ అని యుండవలసినచోట ఒక యక్షరము లోపించియున్నది. జీవితమంతయు పిల్లల తప్పులు దిద్దినవాని కన్ను అచ్చటనే నిలిచిపోయినది. నా సేకరణకు ఆ తప్పే మూలము.

అగ్గిపెట్టెలో బట్టు బొమ్మ యంటిని. అది యుపమానము గాదు. 1947లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అను మిత్రులిరువురు లండనులో లెస్నీ అను పోతశాలను స్థాపించిరి. వారితో గలసిన జాక్ ఓడెల్ అను పనివానికొక కూతురు గలదు. అగ్గిపెట్టెలో బట్టు బొమ్మలను మాత్రమే బడికి దేవచ్చునని ఆ బాలిక చదువు పాఠశాలలో నియమము. తండ్రి రోడ్డు చదునుచేయు యంత్రమును ఇత్తడితో చిన్నదిగా జేసి, అగ్గిపెట్టెలో బెట్టి యిచ్చెను. 1953 నుండి ‘మ్యాచ్‌బాక్స్’ అను పేర వెలసిన బొమ్మలకు అదియే యాది. అంతకుముందే, 1934 నుండి, లివర్‌పూలులోని మెకానో కంపెనీవారు ‘డింకీ’ యను పేర బొమ్మలు చేయుచుండిరి. అమెరికావారి హాట్ వీల్స్ 1968లో బయలుదేరెను.

ఈ బొమ్మలు పుట్టు విధమును నాకు జెప్పినవాడు నా పూర్వశిష్యుడు. పాశమైలారము వైపున నొక పోతశాలలో బనిచేయుచున్నాడు, బొమ్మలు గావు, యంత్రభాగములు పోయుదురు, పద్ధతి యొక్కటే. మన కంసాలి విగ్రహము పోయునపుడు మైనముతో రూపుచేసి, మట్టిపూసి, మైనము గరగించి, ఆ ఖాళీలో లోహము పోయును. విగ్రహము కావలెనన్న మట్టి పగులగొట్టవలెను. మఱియొక విగ్రహమునకు మఱియొక యచ్చు. ఇచ్చట నట్లుగాదు. అచ్చు ఉక్కుతో జేసిన రెండు దిమ్మెలు. జింకులో నూటికి 4 పాళ్లు అల్యూమినియము, కొలదిగా మెగ్నీషియము, రాగి కలిపిన లోహమును గరగించి, మిక్కిలి యొత్తిడితో ఆ దిమ్మెల నడుమకు దోయుదురు. ఆ లోహము 400 డిగ్రీలకు లోపలనే కరగును గనుక ఉక్కు చెడదు. కొన్ని క్షణములలో బొమ్మ వెలువడును. ఒక్క యచ్చుతో లక్షలు దీయవచ్చును. ఖర్చంతయు అచ్చులోనే యున్నది.

నకలుచేయువాడు రూపును తానుగా గీయడు. అసలు బొమ్మను గొని తెచ్చి, దానినే ముద్ర తీసి యచ్చు చేయించును. ఇక్కడ ప్రకృతి యతనిని బట్టి యిచ్చును. ఈ లోహము చల్లారునపుడు నూటికి సుమారు 0.6 పాలు కుంచించుకొనును. అసలుచేసినవాడు ఆ లెక్క ముందే వేసి యచ్చును పెద్దది చేయును. నకలువాడు దానిని మఱచెనా, 70 మిల్లీమీటర్ల బొమ్మ ఇంచుమించు అర మిల్లీమీటరు తగ్గును. తలుపు గీతలు మొద్దువాఱును. దీపముల చుట్టునున్న సన్నని గాడులు పూడిపోవును. “సారూ, అడుగు జూడుండ్రి, పేరున్న జాగల గీకిన గుర్తున్నది” అని నా శిష్యుడొక బొమ్మను జూపినపుడు, తాళపత్రమున లేఖకుడు కొట్టివేసిన యక్షరమును జూచినట్లు నేను సంతోషించితిని.

అట్లు గీకినవన్నియు దొంగసొమ్ములని తలపరాదు. 1960 దశకము చివర డింకీవారు తమ పాత యచ్చులను కలకత్తావారికి విక్రయించిరి. అసలు యచ్చులే, అసలు రూపే. అడుగున ‘డింకీ’ తీసి ‘నికీ’ అని చెక్కిరి. ఆ కలకత్తాలోనే మాక్స్‌వెల్ అను పేర మ్యాచ్‌బాక్సును బోలిన బొమ్మలు వెలువడెను. ఇవి వేఱు సంగతి.

కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున, ఒక కవి భావము మఱియొక కవి భావమును బోలియుండుటను మూడు తెఱగులుగా జెప్పినాడు. అద్దములోని నీడ వంటిది యొకటి. దానికి బ్రాణము లేదు, విడువదగినది. చిత్తరువు వంటిది రెండవది. దానికి బ్రాణము తుచ్ఛము, అదియు విడువదగినదే. ఒక మనుష్యుని బోలిన వేఱొక మనుష్యుని వంటిది మూడవది; పోలికయున్నను ప్రాణము వేఱు గనుక దోషము లేదు. నా బీరువాలో అరలు ఈ క్రమముననే యున్నవి. పరుని రూపును బరుని పేరును గూడ బెట్టుకొన్న బొమ్మ అద్దపు నీడ. రూపు పరునిదై, రంగు మార్చి సొంత పేరు వ్రాసికొన్నది చిత్తరువు. మూడవ యరలో నొక అంబాసిడరు బొమ్మయున్నది. అసలు అంబాసిడరు కారే ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డును బోలి, అనుమతితో ఉత్తరపారాలో 1950 దశకము చివరనుండి 2014 వఱకు తయారైనది. మన మంత్రులు, పెండ్లికుమారులు ఎక్కి తిరిగిన యా బండిని నకలని యెవ్వరందురు?

సాహిత్యచర్చ యింతతో నాగినచో బాగుండెడిది. నేను మొదట గొన్న జాతర బొమ్మ యేమైనదో చెప్పవలెను. మూడేండ్లకు దానిమీద సన్నని పగుళ్లు వచ్చెను, ఉబ్బెను, ఒకనాడు వ్రేలితో దాకగానే బియ్యపు నూకవలె రాలెను. కరగించు జింకులో సీసము వంటి మలినము చేరినచో లోహము లోలోపలనే తినివేయబడును. దీనికి మందు లేదు. యుద్ధమునకు బూర్వపు డింకీ బొమ్మలును పెక్కు ఇట్లే నశించినవి.

రాలినది లోహము, పోనిండు. కాని దాని పసుపురంగు అంతకుముందే పెచ్చులుగా మా మనుమని నోటిలోనికి బోయినది. వానికి ఆకలి మందగించి, చిఱాకు హెచ్చగా, వైద్యుడు రక్తపరీక్ష చేయించెను. సీసము ఉండరానంత యున్నది. చిన్నపిల్లల శరీరము పెద్దలకంటె నాలుగైదు రెట్లు సీసమును పీల్చుకొనునని, ఇంతయైన నిరపాయమను పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది మెదడునకు జేటు. అయిదు నెలలు ప్రతి పరీక్షాపత్రమును వణకుచు జదివితిని. ఇప్పుడు తగ్గినది. ఆ బొమ్మను గొనితెచ్చినవాడను నేనే. అమ్మినవాడెవ్వడో నాకు దెలియదు.

2021 జనవరి 1 నుండి మన దేశమున 14 ఏండ్లలోపు పిల్లలు ఆడుకొను బొమ్మలపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనని శాసనము. జాతర దుకాణమున గోనెసంచిలో గుమ్మరించిన బొమ్మలకు ఆ ముద్ర యుండదు. ఉన్నను, కంపెనీ పేరునే దొంగిలించినవాడు ముద్రను దొంగిలింపడా? ముద్రక్రింద లైసెన్సు సంఖ్య యున్నదో లేదో చూడుడు. రంగు గోటితో రాలినచో పసివానికి ఈయకుడు.

నేను సేకరణ మానలేదు. బీరువాకు తాళము వేయించితిని. తాళపుచెవి మా యింటామె కొంగున నున్నది. నేను క్రొత్త బొమ్మ తెచ్చినపుడు ఆమె నాకంటె ముందుగా అడుగు త్రిప్పి చూచి, గోటితో గీకి, అది బీరువాకు బోవలెనో మనుమని చేతికి బోవలెనో తానే నిర్ణయించును.