వేడినీటి గుంటలో స్టూడెంట్ ప్రాజెక్టు

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్తే అందరి ఫోన్లూ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వైపే. సుమారు గంటన్నరకోసారి వేడినీళ్లు పైకి చిమ్ముతాయి మరి! నాకైతే పొగలు కక్కే గుంటలే నచ్చాయి. అక్కడ చెక్కబాట దిగకూడదు. గట్టిగా కనిపించే నేల నిజానికి పల్చటి పెచ్చు, కింద సలసల మరిగే నీళ్లు.

1966లో ప్రొఫెసర్ థామస్ బ్రాక్ దగ్గర ప్రాజెక్టు చేస్తున్న డిగ్రీ స్టూడెంట్ హడ్సన్ ఫ్రీజ్, అలాంటి ఓ గుంట నమూనాలోంచి సుమారు 70 డిగ్రీల వేడిలో పెరిగే బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచాడు. 'ఇందులో స్కోప్ ఏముంది?' అని మన దగ్గరైతే అడిగేవాళ్లే! వేడికి చెడిపోని దాని ఎంజైమే తర్వాత పీసీఆర్‌కి ప్రాణమైంది. కొవిడ్ టెస్టుల్లో విన్నాం కదా, అదే పీసీఆర్. బయోటెక్ ఫ్రెండ్స్... రెజ్యుమెలో పీసీఆర్ వచ్చని రాస్తే, ఇంటర్వ్యూలో 'టాక్ అంటే ఏంటి?' అని అడగొచ్చు. థర్మస్ అక్వాటికస్ అని చెప్పండి, ఆ గుంట సంగతి కూడా.