గోడకి పదికి పది వేశాం... గేమ్ పాడైపోయింది!

"బావా, ఈ ఫ్రాన్స్ వాళ్ల గోడ ఉత్త దండగ. జర్మనీ వాడు పక్కనుంచి వెళ్లిపోతాడు. అంతేగా?"

మా మామయ్య కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. ఇంటర్ చదువుతున్నాడు. మేం తయారుచేస్తున్న మొబైల్ గేమ్‌కి వాడే మొదటి టెస్టర్. జీతం లేదు, నెలకో బిర్యానీ. నోరు మాత్రం పెద్దది.

మేమంటే ముగ్గురు స్నేహితులం. పగలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు, రాత్రి పదకొండు దాటాక గేమ్. కథ 1940లో ఫ్రాన్స్ మీద జర్మనీ దాడి. మ్యాపంతా తేనెపట్టులా ఆరు మూలల గళ్లు. ఒక్కో టర్న్ ఒక్కో రోజు. మే 10న మొదలై జూన్ 25న కాల్పులు ఆగేదాకా 47 టర్నులు. ఇంకా పేరు పెట్టలేదు, ప్లే స్టోర్‌లో వెతక్కండి. అందులో నా వంతు పని ఒకటే: మాజినో లైన్‌ని ఉన్నది ఉన్నట్టు మ్యాప్‌లో పెట్టడం.

'ఒక వారం పని' అనుకున్నా. ఎనిమిది నెలలు పట్టింది.

పదికి పది

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 ఆడినవాళ్లకి తెలుసు, అందులో కోటలకి 1 నుంచి 10 దాకా లెవెల్స్ ఉంటాయి. ప్రపంచమంతా ఒకే మ్యాప్‌లో చూపించాలి కాబట్టి వాళ్లకి ఒక్క అంకె చాలు. మేమూ అదే పట్టుకున్నాం. సరిహద్దు గళ్లన్నిటికీ డిఫెన్స్ 10 కొట్టేశాం.

ఇంకేముంది! జర్మనీగా ఆడేవాడు అటువైపు కన్నెత్తి కూడా చూడడు. ఫ్రాన్స్‌గా ఆడేవాడు కోటల దగ్గర నలుగుర్ని కాపలా పెట్టి, మిగతా సైన్యాన్నంతా ఉత్తరానికి తోలేస్తాడు. ఎన్నిసార్లు ఆడినా ఫ్రాన్సే గెలుస్తోంది. నిజంగా ఆరు వారాల్లో ఓడిపోయిన దేశం మా గేమ్‌లో జూన్ కల్లా బెర్లిన్ దారి పట్టింది!

కాసేపు నవ్వుకున్నాం. తర్వాత అర్థమైంది. మావాడు దండగ అన్నా, మేం పదికి పది వేసినా జరిగిన పొరపాటు ఒకటే. ఇద్దరం దాన్ని గోడ అనుకున్నాం.

అసలది గోడే కాదు

ఆంద్రే మాజినో ఫ్రాన్స్ రాజకీయ నాయకుడు. 1914లో యుద్ధంలో గాయపడి, ఆ తర్వాత జీవితమంతా చేతికర్ర సాయంతో నడిచాడు. రక్షణమంత్రిగా ఉన్నప్పుడు, 1930లో ఈ కోటలకి పార్లమెంటు నుంచి డబ్బు సాధించాడు. అందుకే ఆయన పేరు నిలిచిపోయింది. పూర్తయ్యాక చూసుకునే అదృష్టం లేదు, 1932లోనే చనిపోయాడు.

ఎందుకు కట్టారు? మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ సుమారు 14 లక్షల మంది సైనికుల్ని పోగొట్టుకుంది. యుద్ధకాలంలో పిల్లలూ తక్కువే పుట్టారు. అంటే వాళ్లకి ఇరవై ఏళ్లొచ్చే 1930ల మధ్యలో సైన్యానికి కుర్రాళ్లే దొరకరు. అప్పట్లో ఫ్రాన్స్ జనాభా 4 కోట్ల పైచిలుకు, జర్మనీది దాదాపు 7 కోట్లు. మనుషులు తక్కువైనచోట కాంక్రీటు పెట్టాలన్నది వాళ్ల లెక్క. జర్మన్లు బెల్జియం మీదుగా వస్తారని వాళ్లకి తెలియక కాదు. అటే రానిచ్చి, అక్కడ సైన్యంతో ఎదుర్కోవాలన్నదే ప్లాన్.

ఇక కోట సంగతి. అక్కడికెళ్లి చూస్తే గడ్డి, చెట్లు, అక్కడక్కడా ఇనుప పుట్టగొడుగుల్లాంటి టరెట్లు. అసలు ఊరంతా భూమి కిందే ఉంటుంది. అన్నిటికంటే పెద్దదైన హాకెన్‌బర్గ్‌లో సొరంగాలే 10 కిలోమీటర్ల పైన. వెయ్యిమంది ఉండేందుకు వంటిల్లు, ఆసుపత్రి, సొంత కరెంటు, గుళ్లు మోసే చిన్న ఎలక్ట్రిక్ రైలు. పెద్ద కోటల పైకప్పు మందం 3.5 మీటర్లు. నేను ఫ్రాన్స్ వెళ్లలేదు. కోటల ప్లాన్లు ముందేసుకుని, సందర్శకులు తీసిన వీడియోలు ఆపి ఆపి చూస్తూ గళ్లలో నింపాను.

పక్కవాడే ప్రాణం

ఇన్ని హంగులున్న చోట ఎంత పెద్ద ఫిరంగులు ఉంటాయనుకుంటారు? నేనైతే ఓడల మీదుండే సైజు ఊహించుకున్నా. తీరా చూస్తే ప్రధాన ఆయుధం 75 మిల్లీమీటర్ల ఫిరంగి. దాని గుండు 12 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. 135 మిల్లీమీటర్లను మించినది ఒక్కటీ లేదు.

మరి ఎలా కాపాడుకుంటాయి? ఒకదాన్నొకటి. శత్రువు ఒక కోట నెత్తికెక్కితే పక్క కోట ఆ నెత్తి మీదే గుళ్లు కురిపిస్తుంది. లోపలివాళ్లకి కాంక్రీటు అడ్డం, పైనున్నవాడికి ఏ అడ్డమూ లేదు. మధ్య ఖాళీల్లో మామూలు పదాతి దళం కాపలా ఉండాలి. అంటే నలుగుర్ని పెట్టి వెళ్లిపోవడం కుదరదన్నమాట. నిజానికి అలా ఉంచిన సైన్యమే చాలా ఎక్కువైందని తర్వాత విమర్శలొచ్చాయి.

సో, ఆ 10 అంకె తీసేశాం. ఇప్పుడు ప్రతి కోట బలం మూడు ముక్కలు: సొంత కాంక్రీటు, అందుకునే దూరంలో ఉన్న పక్క ఫిరంగులు, ఖాళీల్లో ఉన్న సైనికులు. వీటిలో ఏది తగ్గినా బలం తగ్గాలి.

వీపు పల్చన

నాలుగోది కూడా ఉంది, దిక్కు. ప్లాన్లలో వెనక గోడలు ముందు వాటికంటే బాగా పల్చగా కనిపించాయి. డబ్బు మిగుల్చుకున్నారేమో అనుకున్నా. అదొక్కటే కాదు, కోట శత్రువు చేతికి చిక్కితే వెనకనుంచి కొట్టి తిరిగి తీసుకోగలగాలనీ అలా కట్టారు. తెలివైన ఆలోచనే. వెనక మన సైన్యం ఉన్నంతవరకు.

1940 జూన్‌లో ఆ సైన్యం వెనక్కి వెళ్లిపోయింది. బాంబెష్ అనే చిన్న కోట దగ్గర జర్మన్లు 88 మిల్లీమీటర్ల ఫిరంగి తెచ్చి వెనక గోడ మీద పేల్చారు. కాంక్రీటు తూట్లు పడింది. జూన్ 20న ఆ కోట లొంగిపోయింది. ఆదుకునే పెద్ద ఫిరంగి దగ్గర్లో లేదు. అదే వరుసలో లోద్రఫాంగ్ కోటకి 81 మిల్లీమీటర్ల మోర్టార్లున్నాయి. దాన్నీ, దాని అండనున్న పక్క కోటల్నీ మాత్రం జర్మన్లు తీసుకోలేకపోయారు. షోనెన్‌బర్గ్ మీదైతే విమానాలు బాంబులేశాయి, 420 మిల్లీమీటర్ల గుళ్లు పడ్డాయి. పడలేదు. యుద్ధం ముగిశాక ఫ్రెంచ్ పైఅధికారులే ఆదేశిస్తే జులై 1న అప్పగించారు.

ఈ లెక్కలన్నీ కోడ్‌లో పెట్టి, నేనేమీ ముట్టుకోకుండా కంప్యూటర్‌తో కంప్యూటర్‌నే ఆడించాను. తెల్లవారుజామున రెండున్నరకి బాంబెష్ పడింది, లోద్రఫాంగ్ నిలిచింది. ఒక్కణ్నే గదిలో చప్పట్లు కొట్టా.

ఆ చప్పట్లు ఎక్కువ రోజులు లేవు.

107

మాజినో లైన్ పొడిగింపులో పడమటి కొసన ఉన్న చిన్న కోట లా ఫెర్తే. రెండు బ్లాకులు, వాటిని కలుపుతూ భూమి కింద సొరంగం. సొంత ఫిరంగులు లేవు. కొస కాబట్టి ఒకవైపు ఆదుకునే కోటే లేదు. మే 18, 19 తేదీల్లో జర్మన్లు గుళ్ల వర్షం కురిపించారు. వాళ్ల ఇంజినీర్ దళం పైకెక్కి, ఎత్తు తప్పిన టరెట్ సందులోంచి పేలుడు పదార్థాలు లోపలికి వేసింది. మంటలు, పొగ. బతికున్నవాళ్లు కిందికి, సొరంగంలోకి దిగారు. పొగ కూడా దిగింది. లోపల ఉన్నది 107 మంది. ఒక్కరూ బయటికి రాలేదు.

మా గేమ్‌లో ఇదెలా కనిపించాలి? మిగతా కోటల్లాగే ఎర్ర గీత సున్నాకొచ్చి, చిన్న పేలుడు బొమ్మ వచ్చి, జర్మనీకి 50 పాయింట్లు. మొదట అలాగే చేశాను. టెస్ట్ చేస్తుంటే పాయింట్లొచ్చినప్పుడు ఫోన్ 'టింగ్' అంది. ఆ శబ్దం వినగానే ల్యాప్‌టాప్ మూసేశా.

వారంపాటు ముగ్గురం వాదించుకున్నాం. 'యుద్ధం గేమే చేస్తూ నీతులెందుకురా' అన్నాడొకడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి మూడు మార్పులు చేశాం. కోటలో ఎంతమంది ఉన్నారో అంకె కనిపిస్తుంది. చుట్టుముట్టాక వెనక్కి వచ్చే బటన్ ఉండదు. ఫ్రాన్స్‌గా ఆడేవాడు 'నిలబడండి' లేదా 'లొంగిపోండి' అని చెప్పాలి. పడిపోయినా, నిలిచినా పాయింట్లు లేవు, శబ్దం లేదు.

ఆదివారం మావాడు ఇంటికొచ్చి నా పక్కనే కూర్చుని ఆడాడు, ఫ్రాన్స్ తరఫున. లా ఫెర్తే చుట్టూ బూడిదరంగు గళ్లు మూసుకున్నాయి. ఇంకో టర్న్ దొరికితే వెనకున్న డివిజన్ వచ్చేస్తుందని లెక్కేసి 'నిలబడండి' నొక్కాడు. టర్న్ దొరికింది. డివిజన్ రాలేదు. 107 అంకె తెల్లగా ఒక్క క్షణం ఉండి, చెరిగిపోయింది.

"అదేంటి, సౌండ్ రాలేదు?" అన్నాడు.

"ఉండదు" అన్నా.

"నిజంగా అంతమంది ఉన్నారా?"

"ఉన్నారు."

మళ్లీ ఫోన్ వైపు చూశాడుగానీ, చాలాసేపు తర్వాతి టర్న్ నొక్కలేదు.

బిర్యానీ బాకీ

ఇప్పుడు మా గేమ్‌లో ఫ్రాన్స్ ఎక్కువసార్లు ఓడిపోతుంది. ఓడేది కోటల దగ్గర కాదు, సెడాన్ దగ్గర. ఆర్డెన్స్ అడవుల్లోంచి ట్యాంకులు పెద్ద సంఖ్యలో రాలేవన్న ధీమాతో అక్కడ పెద్ద కోటలు కట్టలేదు, గట్టి సైన్యాన్నీ పెట్టలేదు. మే 13న జర్మన్లు అక్కడే మ్యూజ్ నది దాటారు. ఫ్రాన్స్ మేలైన దళాలు అప్పటికే బెల్జియంలోకి వెళ్లిపోయాయి. కోటలు చెప్పిన పని చేశాయి, శత్రువుని పక్కకి తిప్పాయి. తిప్పినచోట ఆపేవాళ్లు లేకపోయారు.

ఇంకా సరిచేయాల్సినవి బోలెడు. కోటల్లో గాలి, ఫిల్టర్ల లెక్క సరిగ్గా రాలేదు. దక్షిణాన ఆల్ప్స్ కొండల్లో ఇటలీని ఆపిన కోటల్ని ఇంకా మొదలే పెట్టలేదు. అక్కడ పాన్ సాన్ లూయీ అనే చిన్న కాపలా చౌకీని తొమ్మిదిమందే చివరిదాకా నిలబెట్టారు.

నిన్న రాత్రి మావాడి నుంచి మళ్లీ వాయిస్ మెసేజ్. "బావా, గోడ సంగతి వదిలెయ్. సెడాన్‌లో రెండు డివిజన్లు పెడితే లా ఫెర్తే దాకా రాకుండా ఆపొచ్చా? ఆరుసార్లు ట్రై చేశా, అవ్వట్లేదు. ఏడోసారి ఆడుతున్నా. ఇంకోటి, పోయిన నెల బిర్యానీ బాకీ ఉంది."