కాకిలెక్కలు, మనిషి కొలతలు

ఆధారం లేని అంచనాలను మనం కాకిలెక్కలంటాము. ఆ మాటలో కాకి తెలివి పట్ల కొంత చులకన ఉన్నది. కాని 2022 ఆరంభంలో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నగరపాలకులకు కాకులను అంత చులకనగా చూసే వీలు లేకపోయింది. సాయంకాలమయ్యేసరికి ఊరి నడిబొడ్డున చెట్ల మీదికి కాకులు గుంపులుగా చేరుతుండేవి. వాటి రెట్టలతో, అరుపులతో జనం విసిగిపోయారు. పచ్చని లేజరు కాంతి ప్రసరించి, ఆపదలో ఉన్న కాకుల అరుపులను వినిపించి, వాటిని తరిమే ప్రయత్నం మొదలయింది. సిలికాన్ వ్యాలీ నడుమ ఉన్న ఊరికి కాకులు పెట్టిన పరీక్ష అది.

కాకిని బెదిరించడం ఎందుకు సులభం కాదో సియాటిల్‌లో జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. 2006లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మార్జ్‌లఫ్ బృందం ఆదిమానవుడి ముసుగు ధరించి ఏడు కాకులను పట్టుకుని, కాళ్ళకు గుర్తులు కట్టి వదిలేసింది. ఆ తరువాత అదే ముసుగుతో ఎవరు నడిచినా కాకులు గుమికూడి అరిచేవి. వేరే ముసుగు వేసుకున్నవారిని అంతగా పట్టించుకునేవి కావు. ఏళ్ళు గడిచినా అవి మరచిపోలేదు. అసలు పట్టుబడని కాకులు, తరువాత పుట్టిన పిల్లకాకులు సైతం ఆ ముఖాన్ని శత్రువుగా గుర్తించడం నేర్చుకున్నాయి.

ఇది వినగానే ఎవరికైనా తోచే ప్రశ్న, మనిషి తెలివిలో కాకి తెలివి ఎన్నో వంతు అని. ఆ ప్రశ్నకు జవాబు వెదికే ముందు కొలతబద్దను పరీక్షించాలి.

మెదడు పరిమాణమే కొలత అనుకుందాం. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లున్నాయి. 2014లో లెక్కించిన ఒక ఆఫ్రికా ఏనుగు మెదడులో 25,700 కోట్లు తేలాయి. అయితే వాటిలో నూటికి 97కు పైగా చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు కీలకమైన సెరిబ్రల్ కార్టెక్స్‌లో ఏనుగుకు దాదాపు 560 కోట్లు, మనిషికి 1,600 కోట్లు. ఇక కాకి మెదడు 20 గ్రాములైనా ఉండదు. కాని అంతే బరువున్న కోతి మెదడుతో పోలిస్తే దాని ముందు భాగంలో న్యూరాన్లు ఎక్కువ. బరువు, సంఖ్య, అమరిక మూడూ మూడు రకాల జవాబులు చెబుతున్నాయి.

పోనీ, పరీక్ష పెట్టి చూద్దామంటే అక్కడా చిక్కే. అద్దంలోని ప్రతిబింబం తనదేనని గుర్తించడం ఆత్మస్పృహకు ఒక ఆనవాలు. మొదట చిన్న అద్దాలు చూపినప్పుడు ఏనుగులు ఈ పరీక్షలో తప్పాయి. 2005లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఏనుగంత అద్దం నిలబెట్టగా, హ్యాపీ అనే ఏనుగు తన తలపై గీసిన గుర్తును తొండంతో తడిమి చూసుకున్నది. లోపం అద్దంలోనే ఉండినదన్నమాట. దీనికి విరుద్ధమైన పాఠం జపాన్‌లో దొరికింది. తెరపై క్షణకాలం మెరిసి మాయమయ్యే అంకెల స్థానాలను గుర్తుంచుకోవడంలో అయుము అనే చింపాంజీ విశ్వవిద్యాలయ విద్యార్థులను ఓడించినట్లు 2007లో ప్రకటించారు. అయుముకు ఎంతో అభ్యాసం ఉన్నది, విద్యార్థులకు లేదు. తగినంత అభ్యాసం ఇస్తే మనుషులూ ఆ స్థాయిని అందుకోగలరని తరువాత తేలింది.

వైద్యులకు ఇది పరాయి సమస్య కాదు. మతిమరుపును పరీక్షించడానికి 1975 నుండి వాడుకలో ఉన్న ముప్పై మార్కుల ప్రశ్నావళిలో ఇప్పుడు ఏ ఋతువు, ఇది ఏ కౌంటీ అని అడుగుతారు. ఒక ఇంగ్లీషు మాట అక్షరాలను వెనుకనుండి చెప్పమంటారు. గుంటూరు నుండి సన్నీవేల్‌కు కొడుకు ఇంటికి వచ్చిన పెద్దావిడకు కౌంటీ పేరు తెలియకపోవచ్చు. ఆమెకు తెలిసిన ఋతువులు ఆరు, ఇక్కడివారికి నాలుగు. గుణింతాలతో చదువు నేర్చుకున్నవారికి ఇంగ్లీషు స్పెల్లింగు తిరగేయడం వేరే విద్య. చదువు తక్కువైనవారికి ఈ పరీక్షలో మార్కులు తగ్గుతాయన్నది తెలిసిన సంగతే. ఈ తేడాలు గమనించకుండా మార్కులు మాత్రమే చూస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి డిమెన్షియా అన్న ముద్ర పడుతుంది. ఏనుగుకు చిన్న అద్దం చూపినవారూ, ఈమెకు ఈ కాగితం ఇచ్చినవారూ చేసినది ఒకే పొరపాటు.

అలాగని మనిషికీ తక్కిన జీవులకూ తేడా లేదనడం సరికాదు. 2012లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో చింపాంజీలకు, కపూచిన్ కోతులకు, మూడు నాలుగేళ్ళ పిల్లలకు మూడంచెల చిక్కుపెట్టె ఇచ్చారు. చివరి అంచెదాకా చేరినవారిలో పిల్లలే ఎక్కువ. వారు ఒకరికొకరు చెప్పుకున్నారు, చూసి అనుకరించారు, దొరికిన బహుమతిని పంచుకున్నారు. కాకి తన పిల్లకు శత్రువు ముఖాన్ని చూపగలదు. మనిషి తాను కనుగొన్నదాన్ని మాటగా, రాతగా మిగిల్చిపోతాడు. తరువాతివాడు అక్కడినుండి మొదలుపెడతాడు. మశూచి టీకా గాని, పెన్సిలిన్ గాని ఒక్క తలలో, ఒక్క తరంలో పూర్తి అయినవి కావు. అడవిలో ఒంటరిగా వదిలేస్తే మనలో ఎంత మేధావి అయినా కాకి కంటే ముందే ఆకలికి లొంగిపోవచ్చు.

కాబట్టి జీవుల తెలివిని ఒకే నిచ్చెనపై మెట్లుగా పేర్చలేము. ఏ జీవి తెలివైనా దాని బతుకు వేసిన ప్రశ్నలకు జవాబుగా పెరిగినదే. ఎవరికి ఎంత తెలివి ఉన్నదని తీర్పు చెప్పే ముందు, వారిని మనం ఏ భాషలో, ఏ అద్దం పెట్టి అడిగామో చూసుకోవాలి. అది కాకి విషయంలో శాస్త్రానికి అవసరం. మన అమ్మల విషయంలో న్యాయానికి అవసరం.