రెక్కల వ్యోమనౌక విశ్రాంతి

మన బండి యొకమారు సంతకు పోయివచ్చినంతనే దానిని పారవేయము. ఇరుసునకు కందెన పెట్టి మరల కట్టుదుము. వ్యోమయాత్రకు మాత్రము చిరకాలము ఒక నౌక ఒక యాత్రకే పనికివచ్చుచుండెను. ఈ వ్యయమును తగ్గింపగోరి అమెరికావారు స్పేస్ షటిల్ అను రెక్కల నౌకను నిర్మించిరి. అది రాకెట్టువలె నిలువుగా లేచి, విమానమువలె నేలపై దిగుచుండెను. 1981 ఏప్రిలు 12న కొలంబియా అను నౌక ఇద్దరు యాత్రికులతో మొదట వెడలెను. అట్టి నౌకలైదు 30 సంవత్సరములలో 135 యాత్రలు చేసెను.

అట్లయిన వానిని ఏల మాన్పిరి? ప్రతి యాత్ర పిమ్మటను వేలకొలది ఉష్ణరక్షక పలకలను పరీక్షింపవలసి వచ్చుటచే అనుకొన్న పొదుపు చేకూరలేదు. ప్రాణభయము అంతకంటె పెద్దది. 1986 జనవరి 28న చాలెంజరు బయలుదేరిన 73 సెకండ్లకు నశించెను. చలికి బిగిసిన రబ్బరు వలయము సందును మూయజాలకపోయెను. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగి వచ్చుచు భగ్నమయ్యెను. బయలుదేరునపుడు ఇంధనపు తొట్టినుండి ఊడిన నురుగుముక్క ఎడమరెక్క యంచును ఛేదించియుండెను. ఒక్కొక్క యాపదలో ఏడుగురు అసువులు బాసిరి. రెండవదానిలో కర్నాలులో జన్మించిన కల్పనా చావ్లాయు నుండెను.

షటిలు తొట్టి ప్రక్కను కట్టబడియుండుటచే పైనుండి రాలినది రెక్కలపై పడును. పైకి లేచునపుడు ఆపద కలిగిన యాత్రికులను వెంటనే దూరముగా గొనిపోవు సాధనమును లేదు. కావున 2011 జూలై 21న అట్లాంటిస్ దిగుటతో ఆ యాత్రలు ముగిసెను. పిదప దాదాపు తొమ్మిదేండ్లు అమెరికా యాత్రికులు రష్యావారి సోయజ్ నౌకలలో వెడలిరి.

2020 మే 30న స్పేస్‌ఎక్స్ వారి క్రూ డ్రాగన్ ఇద్దరితో వెడలెను. వారిలో డగ్లస్ హర్లీ కడపటి షటిలు యాత్రయందును చోదకుడు. ఈ నౌకకు రెక్కలు లేవు. ఇది రాకెట్టు కొనయందుండు గది. కనుక రాలినది దీనిపై పడదు. ఆపద కలిగిన తన యంత్రములతో రాకెట్టును విడిచి ఎగిరిపోవును. అడుగునున్న కవచము వేడిమిని భరింప, పారాచూట్లతో సముద్రమున దిగును. అయినను మరల వాడుట యను తలంపు విడువబడలేదు: ఈ గదియు మరల ఎగురును, రాకెట్టు క్రింది యంతస్తు తానే నిలువుగా తిరిగి దిగును. 2021 నవంబరులో ఇట్టి నౌకకు నాయకుడై వెడలిన రాజా చారి తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు పోయినవాడు.

చాలెంజరు లేచుటకు ముందటి రాత్రియే కొందరు ఇంజనీర్లు చలిని గూర్చి హెచ్చరించిరి. వారి మాట చెల్లలేదు. విద్యార్థులారా, లెక్క తప్పినదని తోచినపుడు పలుకుడు. పెద్దలమగు మేమును ఆలకించుట నేర్తుముగాక.