గ్యాస్ అయిపోలేదు... కారిపోయింది!

మే నెల. విజయవాడ. మిట్టమధ్యాహ్నం. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. వెనకసీట్లో చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది.
'ఏవండీ, ఏసీ వేశారా?'
'వేశానే... ఫుల్లులో ఉంది!'
బ్లోయర్ హోరెత్తిపోతోంది. వచ్చేది మాత్రం వడగాలి.

మర్నాడు ఆటోనగర్. మెకానిక్ బానెట్ ఎత్తుతాడు. 'గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేద్దాం' అంటాడు. కొట్టించుకుంటే నెలరోజులు హాయి. తర్వాత మళ్లీ మామూలే. మూడోసారికి మాట మారుతుంది. 'కంప్రెసర్ పోయింది సార్, మార్చాల్సిందే!' గ్యాస్‌తో పోయేది కాస్తా వేలకు వేలు ఖర్చయ్యే వ్యవహారమవుతుంది. పాపం, ఆ కంప్రెసర్ దానంతటది పోలేదు. చాలాసార్లు దాన్ని చంపేది ఆ 'కొట్టేద్దాం' అన్న మాటే!

ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ చుట్టూ తిరుగుతుంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజమే. నెలకే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో చిల్లు పడినట్టే. అసలు సంగతి ఇంకోటుంది. కంప్రెసర్ లోపలి భాగాలు అరిగిపోకుండా కాపాడే నూనె కూడా గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. గ్యాస్ కారిన చోట నూనే కారుతుంది. గ్యాస్ తగ్గితే, ఉన్న నూనె కూడా సరిగ్గా వెనక్కి చేరదు. చిల్లు పూడ్చకుండా గ్యాస్ మాత్రం నింపుతూ పోతే కంప్రెసర్ ఎండిపోయి, ఓరోజు పట్టేస్తుంది.

టక్... విన్నారా?

కంప్రెసర్ పనల్లా చల్లారిన గ్యాస్‌ని లాక్కుని, గట్టిగా నొక్కి ముందుకు తోయడమే. చాలా కార్లలో దాన్ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ కార్లకు తొలిసారి ఏసీ పెట్టినప్పుడు దానికి క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే కారాపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే! తర్వాత అయస్కాంతపు క్లచ్ వచ్చింది. స్విచ్ నొక్కగానే బానెట్‌లోంచి వినిపించే 'టక్' శబ్దం దానిదే.

ఆ శబ్దం రాలేదంటే కంప్రెసర్ పోయినట్టేనా? తొందరపడొద్దు. గ్యాస్ మరీ తగ్గిపోతే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని కావాలనే తిరగనివ్వదు. ఫ్యూజు కాలి ఉండొచ్చు, రిలే పోయి ఉండొచ్చు, ఎలుక వైరు కొరికేసి ఉండొచ్చు. కొత్త కార్లలో కొన్నింటికి క్లచ్చే ఉండదు, కాబట్టి శబ్దమూ ఉండదు. రోడ్డు మీద పోతుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా ఉంటోందా? ముందు కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడమనండి. గాలి చల్లగానే ఉన్నా సరిగ్గా రాకపోతే, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో!

అసలు గుట్టు విప్పేవి రెండు గేజీలు. డాక్టరుకి స్టెతస్కోపు ఎలాగో ఏసీ మెకానిక్కుకి ఇవి అలాగ. ఎండాకాలంలో ఏసీ నడుస్తున్నప్పుడు ఒకవైపు సుమారు 30-45 పీఎస్‌ఐ, రెండోవైపు 200 పైచిలుకు చూపించాలి. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ లేదు. రెండూ ఎక్కువైతే ఫ్యాను పనిచేయట్లేదో, కండెన్సర్ మురికి పట్టిందో, గ్యాస్ మరీ ఎక్కువ కొట్టారో! తక్కువ వైపు దిగకుండా, ఎక్కువ వైపు ఎక్కకుండా రెండు ముళ్లూ దగ్గరదగ్గరగా నిలబడితే... అప్పుడు కంప్రెసర్‌ని అనుమానించాలి. గేజీలు తగిలించకుండానే 'మార్చాల్సిందే' అనే మెకానిక్కు దగ్గర్నుంచి కారు తెచ్చేసుకోవడమే మంచిది.

పాతదాని నూనె చూడండి

నిజంగానే పోయింది, మార్చాలి. కొత్తది బిగించేస్తే సరిపోతుందా? సరిపోదు. పాత కంప్రెసర్‌ని వంచి, లోపలి నూనెను తెల్లకాగితం మీద పోయించండి. నల్లగా, మెరిసే లోహపు రజనుతో ఉంటే ఆ రజను గొట్టాలన్నిటికీ పాకినట్టే. గొట్టాలు కడగాలి. డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాలి. ఇప్పటి కార్ల కండెన్సర్లలో దారులు వెంట్రుకంత సన్నం. కడిగినా రజను పోదు, అదీ మార్చాల్సి రావచ్చు. ఇవన్నీ దండగ ఖర్చనుకుంటే, కొత్త కంప్రెసర్ కూడా పాతదాని దారే పడుతుంది.

తర్వాత వ్యాక్యూమ్. కనీసం అరగంటైనా పంపుతో లోపలి గాలిని, తేమను లాగేయాలి. తేమ మిగిలితే గ్యాస్, నూనెలతో కలిసి ఆమ్లంగా మారి లోపలి భాగాల్ని తినేస్తుంది. పంపు ఆపాక గేజి ముల్లు కదలకుండా నిలబడితేనే చిల్లులు లేవని కొంత నమ్మకం. రద్దీ రోజుల్లో మెకానిక్కులు ముందుగా ఎగ్గొట్టేది ఈ అరగంటనే. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడంలో తప్పేం లేదు.

గ్యాస్ అందాజాగా కాదు, తూకం వేసి నింపాలి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. చాలా కార్లలో వాడే ఆర్-134ఎ కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే పాత గ్యాస్‌ని బయటికి వదిలేయకుండా యంత్రంతో తీసి దాచుకునే షాపుని వెతుక్కోవాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. వాటిలో చాలావాటి కంప్రెసర్‌కి బెల్టు ఉండదు, నారింజరంగు తీగల్లో వందల వోల్టుల కరెంటు ప్రవహిస్తుంటుంది. నూనె కూడా వేరే. ఆ శిక్షణ లేనివాళ్లను చేయి పెట్టనివ్వకూడదు.

చలికాలమంతా ఏసీ ముట్టుకోకుండా, మార్చిలో ఒక్కసారిగా ఫుల్లులో పెట్టేవాళ్లు చాలామంది. వాడకపోతే కంప్రెసర్ సీళ్లు ఎండి, గ్యాస్ కారడం మొదలవుతుంది. సంక్రాంతి చలిలోనైనా సరే, వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. అద్దాల మీది మంచూ పోతుంది!