ఊరవతల సొంత ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. అమెరికా వచ్చిన మనలో చాలామందికి ఈ సామెతలో మొదటి సగం పూర్తిగా అనుభవంలోకి రాలేదనే చెప్పాలి. సబ్‌డివిజన్‌లో బిల్డరు చూపించిన నాలుగు నమూనాల్లో ఒకటి ఎంచుకుని, కార్పెట్ రంగూ, వంటింటి గట్టు రాయీ చెప్పి, ఆర్నెల్ల తర్వాత వెళ్ళి పాలు పొంగించుకోవడమే మనం ఎరిగిన ఇల్లు కట్టడం. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, మురుగు ఎక్కడికి పోతుంది అని అడగవలసిన అవసరమే రాదు. అవన్నీ ఊరు చూసుకుంటుంది.

ఈమధ్య మనవాళ్ళలో కొందరి చూపు ఊరు దాటుతోంది. రెండెకరాలో అయిదెకరాలో కొనుక్కుని, మనసుకు నచ్చినట్టు ఇల్లు గీయించుకుని, చుట్టూ నాలుగు చెట్లు వేసుకోవాలన్న కోరిక. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, మన లెక్కలో 4,840 గజాలు. ఆంధ్రలో నూరు సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. గజాల్లో స్థలం కొలుచుకుని పెరిగిన మనకు ఆ మాట వింటేనే కడుపు నిండుతుంది. సంతోషమే. కానీ ఊళ్ళో ఇంటికి ప్లాను ముందు చూసి స్థలం తర్వాత చూసినా చెల్లుతుంది. ఊరవతల ఆ వరస చెల్లదు. అక్కడ ముందు నేల, తర్వాత ఆ ఇంట్లో పగలంతా ఉండే మనుషులు, ఆఖరున ప్లాను. ఈ నాలుగు మాటలూ ఆ వరస గురించే.

నీరు పల్లమెరుగు

ఊరవతల నేలకు సాధారణంగా ఊరి కుళాయి ఉండదు, ఊరి మురుగు గొట్టమూ ఉండదు. బోరు మనదే, సెప్టిక్ ట్యాంకు మనదే. ఇదేమంత వింత కాదు. ఈ దేశంలో అయిదిళ్ళలో ఒకటికి పైగా సెప్టిక్ మీదే నడుస్తున్నాయని ప్రభుత్వ పర్యావరణ సంస్థ చెబుతోంది. ట్యాంకులో బరువైనది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, నడుమనున్న నీరు చిల్లుల గొట్టాల గుండా డ్రెయిన్ ఫీల్డులోకి పోయి నేలలో ఇంకుతుంది. ఇంకించుకునే గుణం ఆ నేలకు ఉండాలి కదా! అది తేల్చడానికే పర్క్ టెస్టు. గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి, అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూస్తారు. కొన్ని కౌంటీల్లో మట్టి పొరలు చూసి చెబుతారు. ఈ పరీక్షలో తప్పిన నేల ఎంత అందంగా ఉన్నా ఇంటికి పనికిరాకపోవచ్చు, లేదా చాలా ఖరీదైన ప్రత్యేక ఏర్పాటు కావాలి. అందుకే "పరీక్ష నెగ్గితేనే కొంటాం" అన్న షరతు కొనుగోలు కాగితంలో ముందే రాయించుకోవాలి.

ఇంకో సంగతి మనవాళ్ళకు ముఖ్యంగా తెలియాలి. చాలా రాష్ట్రాల్లో సెప్టిక్ ఎంత పెద్దదుండాలో పడకగదుల లెక్కను బట్టి నిర్ణయిస్తారు. మూడు గదులకు అనుమతి తీసుకుని, రేపు అమ్మానాన్నలు వస్తే బేస్‌మెంటులో మరో రెండు వేసుకుందాం అనుకుంటే కౌంటీ ఒప్పుకోకపోవచ్చు. రాబోయే గదులు కూడా మొదటి రోజే లెక్కలో ఉండాలి. డ్రెయిన్ ఫీల్డు మీద ఇల్లు కట్టకూడదు, కార్లు నడపకూడదు, పెద్ద చెట్లూ కూరమడులూ వెయ్యకూడదు. కాబట్టి సర్వే కాగితం మీద మొదట గీయవలసిన గీత హాలుది కాదు, దీనిది. ఇది కుదరకపోతే ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టే అవుతుంది.

బోరు విషయానికి వద్దాం. వాస్తు ప్రకారం నీళ్ళు ఈశాన్యాన ఉండాలి, నేల కూడా ఈశాన్యానికే వాలాలి. ఆరోగ్య శాఖవారేమో బోరు సెప్టిక్‌కు ఎగువన ఉంటే మంచిదంటారు. రెంటికీ మధ్య చాలాచోట్ల కనీసం 50 నుంచి 100 అడుగుల దూరం అడుగుతారు. ఈశాన్యానికి వాలిన నేలలో ఈశాన్యపు బోరు అన్నిటికన్నా దిగువన పడుతుంది! వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళు ఈ చిక్కును నేల కొనకముందే చూసుకోవాలి. కొన్న తర్వాత మాత్రం తాగే నీటి మాటే నెగ్గాలి. సొంత బోరు నీటిని ప్రభుత్వం పరీక్షించి పెట్టదు. బాక్టీరియా, నైట్రేట్ల కోసం ఏడాదికొకసారి మనమే పరీక్ష చేయించుకోవాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే ఇంట్లో చుక్క నీరుండదు. జనరేటరుకు చోటు కూడా ప్లానులో ఉండాలి.

నేల గుణం

డల్లాస్, ఆస్టిన్ వైపు కొనేవాళ్ళకు అక్కడి నల్లమట్టి కొత్త కాదు. అది మన రేగడి జాతిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానిమీద పునాది అంటే ముందు మట్టి పరీక్ష చేయించి, ఆ ఫలితం చూసిన ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. మిషిగన్, మిన్నెసోటాల్లో చిక్కు వేరు. చలికాలంలో నేల లోపల గడ్డకట్టి పైకి తన్నుతుంది. పునాది అడుగు ఆ గడ్డకట్టే లోతు దాటి, మూడున్నర అడుగులో అంతకన్నా ఎక్కువో దిగాలి. ఒక రాష్ట్రంలో బంధువులు కట్టుకున్న ఇంటి ప్లాను ఎంత ముచ్చటగా ఉన్నా, ఇంకో రాష్ట్రంలో పునాది దగ్గరనుంచీ మార్చవలసిందే.

రోడ్డునుంచి ఎంత లోపలికి ఇల్లు జరిపితే అంత ఏకాంతం, నిజమే. అంత పొడుగు డ్రైవ్‌వే, అంత పొడుగు కరెంటు తీగ, అంత మంచు తవ్వుడు కూడా. ఫైరింజను తిరగడానికి వెడల్పుండాలి. ఫైర్ స్టేషన్ 5 మైళ్ళ కన్నా దూరమైతే ఇంటి బీమా భారం పెరుగుతుంది, ఒక్కోసారి బీమా దొరకడమే కష్టం కావచ్చు. పక్కవాళ్ళకు మన నేలమీదుగా దారి హక్కేమైనా ఉందా, వరద పటంలో మన నేల ఉందా అన్నవి కూడా కాగితాల్లో వెతికించుకోవాలి.

సూర్యుణ్ణి ఎలా పిలవాలి?

హైదరాబాదు భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, జూన్‌లో నడినెత్తిన. ఎండను తప్పించుకోవడమే అక్కడి ఇంటికి పెద్ద పని. ఒహాయోలోని కొలంబస్ 40 డిగ్రీల దగ్గరుంది. అక్కడ డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు 26న్నర డిగ్రీలకు మించి లేవడు; జూన్ 21న 73న్నర డిగ్రీలు ఎక్కుతాడు. ఈ తేడాను వాడుకోవచ్చు. దక్షిణపు గోడకు రెండడుగుల చూరు దించితే జూన్ మధ్యాహ్నం ఆరడుగుల తొమ్మిదంగుళాల మేర నీడ పడుతుంది. డిసెంబరులో పడే నీడ ఒక్క అడుగే. వేసవిలో ఎండ బయటే ఆగుతుంది, చలికాలంలో అదే కిటికీలోంచి గది మధ్యదాకా వస్తుంది.

ఈ సూత్రం మీదే ఫ్రాంక్ లాయిడ్ రైట్ విస్కాన్సిన్‌లో మాడిసన్ దగ్గర జేకబ్స్ కుటుంబానికి 1948 నాటికి ఒక ఇల్లు కట్టించాడు. ఊళ్ళో ఇల్లు వదిలి పొలానికి మారిన కుటుంబం వాళ్ళది. అర్ధచంద్రాకారపు ఇల్లు, దక్షిణానికి అంతా అద్దాలు, ఉత్తరానికి చలిగాలి తగలకుండా గోడకు ఎత్తుగా మట్టికట్ట. అంత చెయ్యనక్కరలేదు. ఇంటిని తూర్పు పడమరలుగా పొడుగు పెట్టి, ఎక్కువసేపు కూర్చునే గదులను దక్షిణానికీ, గరాజును ఉత్తరానికో వాయవ్యానికో పెడితే చాలు. తూర్పు సింహద్వారానికి దీంతో తగాదా ఏమీ లేదు.

మండువా, పోపు, దేవుడి దీపం

గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకు మండువా లోగిలి మీద మమకారం పోదు. నడుమ ఆకాశం, చుట్టూ వసారా, వసారా చుట్టూ గదులు. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ కడితే మండువాలో మంచు కుప్పపడుతుంది. తీసుకోవలసింది దాని ఆలోచన: ఏ గదిలోంచి బయటికొచ్చినా నలుగురూ కలిసే ఒకే చోటు, దానికి పైనుంచి వెలుగు. నడవాలు తగ్గించి అక్కడికే తలుపులు తెరిస్తే సరి.

వంటిల్లు బయటి గోడకు ఆనుకుని ఉండాలి, పోపు పొగ గొట్టం గుండా నేరుగా బయటికి పోవాలి. గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదిలే హుడ్లు ఇంగువకూ మిరపకాయలకూ ఆగవు. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలి లాగే హుడ్ పెడితే, అంత గాలీ లోపలికి వచ్చే దారి కూడా చాలాచోట్ల నియమం ప్రకారం కావలసి రావచ్చు. ఆర్కిటెక్టును ముందే అడగండి. దేవుడి గదికి కార్పెట్ వద్దు, రాయో టైలో వెయ్యండి. పొగను బయటికి లాగే చిన్న ఫ్యానొకటి పెడితే హారతి ఇచ్చిన ప్రతిసారీ అలారం మోగదు. దక్షిణపు కిటికీ పక్కన మూడడుగుల చోటు వదిలితే కుండీలో కరివేపాకు చలికాలమంతా అక్కడ బతుకుతుంది.

పగలంతా ఇంట్లో ఉండేదెవరు?

మనం ఉద్యోగాలకూ, పిల్లలు బడికీ వెళ్ళాక ఆ పెద్ద ఇంట్లో మిగిలేది ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు, లేదా అత్తగారూ మామగారూ. ఊళ్ళో అరుగు మీద కూర్చుంటే దారిన పోయే నలుగురూ పలకరిస్తారు. ఇక్కడ పక్కిల్లు అర మైలు అవతల. కాలిబాట లేదు, వాళ్ళకు కారు నడపడం రాదు. మనకు ప్రశాంతత అనిపించేది వాళ్ళకు ఒంటరి ఖైదు కావచ్చు. ఎంత గొప్ప ఆర్కిటెక్టయినా పొరుగువాణ్ణి గీసి ఇవ్వలేడు. అందుకే పదెకరాలు గంట దూరంలో దొరికినా, రెండెకరాలు ఊరికీ ఆసుపత్రికీ మరో తెలుగు కుటుంబానికీ దగ్గరగా దొరికితే ఆ రెండే కొనమని నా సలహా. ఎకరాలు తగ్గినా పరవాలేదు, దూరం తగ్గాలి.

ప్లానులో చెయ్యగలిగినవీ కొన్ని ఉన్నాయి. కింది అంతస్తులోనే స్నానాలగదితో సహా పెద్దవాళ్ళ గది. 36 అంగుళాల తలుపులు, గడప లేని స్నానపు గది, రేపు పట్టుకునే కమ్మీలు బిగించడానికి గోడ లోపల ఇవాళే చెక్కలు. అమెరికా ఇళ్ళలో డెక్ పెరటివైపు ఉంటుంది, మన అరుగు వీధివైపు. దారి కనిపించేలా ఇంటి ముందు కప్పున్న వసారా వేసి ఉయ్యాల బల్ల కట్టండి. ఇంటిచుట్టూ నడవడానికి చదునైన బాట, వంటింటికి దగ్గరగా బీర, గోంగూర మడి, జింకలు దూకకుండా ఎనిమిదడుగుల కంచె. పిల్లలు కాలేజీకి వెళ్ళాక మేడ మీది గదుల్లో వేడి విడిగా తగ్గించుకునే ఏర్పాటు ఉంటే, ఆ కింది అంతస్తే రేపు మన ఇద్దరికీ చాలిన ఇల్లవుతుంది. ఇవాళ అమ్మానాన్నలకని కట్టిన గది రేపు మనదే కదా!

కాబట్టి ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. పెద్ద వాన కురిసిన మర్నాడు ఒకసారి, నడి చలికాలంలో ఒకసారి, ఇంటిల్లిపాదీ కలిసి ఆ నేలమీద నడవండి. నీరెక్కడ నిలిచింది, గాలి ఎటునుంచి కొడుతోంది, మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతోంది, పక్కింటి దీపం కనిపిస్తోందా అన్నవి చూసి రాసుకోండి. పెద్దవాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళి, "ఇక్కడ ఉండగలరా?" అని అడగండి. వాళ్ళ జవాబు విన్నాకే పెన్సిలు పట్టండి. గృహప్రవేశానికి మన సంఘం వాళ్ళందరినీ పిలవడం మాత్రం మరిచిపోకండి. ఆ రోజైనా వసారా నిండాలి!